ఈ వయసులో కరెంటు ఎందుకు?

మా నగరి వైపు కిరణచికిత్సను ఆ పేరుతో పిలిచేవారు లేరు. "కరెంటు పెట్టినారు" అంటారు. పొలిమేర దాటి తిరుత్తణి వైపు పోతే అరవంలోనూ ఇదే మాట వినిపిస్తుంది. మరమగ్గాల ఊరు కనుక మాకు కరెంటంటే కూడు. అది పోతే మగ్గం ఆగుతుంది, వస్తే వీధంతా మళ్ళీ టకటకమని మోగుతుంది. ఇంత చనువున్న మాట కూడా ఆసుపత్రి గడప తొక్కేసరికి భయం పుట్టిస్తుంది. కరెంటు పెట్టడమంటే షాకివ్వడమనీ, పెట్టించుకొని వచ్చినవాడి దగ్గరికి పసిపిల్లలను పోనివ్వరాదనీ చెప్పుకుంటారు. నిజానికి ఆ గదిలో రోగి ఒంటికి తగిలే విద్యుత్తు ఏమీ లేదు. ఎక్స్‌రే తీయించుకొనేటప్పుడు ఎంత తెలుస్తుందో ఇదీ అంతే తెలుస్తుంది. బయటినుంచి వేసే కిరణం యంత్రం ఆపిన క్షణాన ఆగిపోతుంది, ఒంట్లో నిలవ ఉండదు. ఇంటికి వచ్చి మనుమరాలిని నిక్షేపంగా ఎత్తుకోవచ్చు.

అయితే నేను రాయదలచినది ఈ భయాన్ని గురించి కాదు. దీనికన్నా మర్యాదగా కనబడే మాట మరొకటి ఉన్నది. "ఈ వయసులో ఎందుకు?" అన్నది. భయాన్ని చదువురానివారికి అంటగట్టి ఊరుకుంటాము. ఈ రెండో మాట చదువుకున్నవారి నోటనే ఎక్కువగా విన్నాను. నేనూ అన్నాను.

మా పెద్దనాయనకు 2022 దసరా నాటికి 81 ఏళ్ళు. ఎడమ చెంప మీద, చెవికి కొంచెం ముందు, శనగగింజంత గడ్డ లేచింది. ఎరుపూ ఊదా కలిసిన రంగు. పైచర్మం నున్నగా మెరుస్తూ ఉండేది. నొప్పి లేదు, దురద లేదు. "నగరి కొండకు ఒకటే ముక్కు. నాకు చూడు, రెండోది మొలస్తా ఉండాది" అని ఆయనే నవ్వేవాడు. (మా ఊరి కొండ కొన ముక్కు ఆకారంలో ఉంటుంది. ఒకప్పుడు సముద్రం మీద పోయే ఓడలవాళ్ళు దాన్ని గురుతుగా పెట్టుకొనేవారట.) కార్తీకం ముగిసేసరికి అది రేగుపండంత అయింది. ఒక చిన్న ఆసుపత్రిలో చూపిస్తే కొవ్వుగడ్డ అన్నారు, మొద్దుబారే సూది వేసి అరగంటలో కోసి తీశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. పంపమని అడగాలని మాకూ తెలియదు. సంక్రాంతికి అదే కుట్టు మీద గడ్డ మళ్ళీ లేచింది, ఈసారి నిమ్మకాయంత. అప్పుడు తిరుపతికి తీసుకుపోయి ముక్కపరీక్ష చేయించాము. జనవరి చివర వచ్చిన కాగితం మీద "మెర్కెల్ కణ కేన్సరు" అని ఉన్నది.

అంతకుముందు ఎన్నడూ వినని పేరు. ఫ్రీడ్రిష్ మెర్కెల్ అనే జర్మను శరీరశాస్త్రజ్ఞుడు 1875లో చర్మంలో స్పర్శకు సంబంధించిన కణాలను కొన్నింటిని వర్ణించాడు. 1972లో సిరిల్ టోకర్ అనే వైద్యుడు ఐదుగురు రోగులలో తాను చూసిన ఒక వింత చర్మపు కణితిని గురించి రాశాడు. ఆ కణితి కణాలకు మెర్కెల్ కణాలతో పోలిక కనబడినందున తరువాత ఈ పేరు నిలిచింది. 2008లో పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో యువాన్ ఛాంగ్, పాట్రిక్ మూర్‌ల బృందం ఈ కణితులలో ఒక కొత్త వైరసును పట్టుకొన్నది. పరీక్షించిన పది కణితులలో ఎనిమిదింట అది ఉన్నది. పెద్దవారిలో అత్యధికులకు ఈ వైరసు ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. ముసలితనం వల్లనో, వేరే జబ్బుల వల్లనో, మూత్రపిండం మార్పిడి చేయించుకొని వాడే మందుల వల్లనో రోగనిరోధకశక్తి సన్నగిల్లినప్పుడు ఏ కొద్దిమందిలోనో ఇది కేన్సరుకు దారి తీస్తుంది. దశాబ్దాల ఎండ మరొక కారణం. అందుకే తెల్లతోలువారిలో, అందులోనూ ఆస్ట్రేలియాలో, ఇది ఎక్కువ. సంగీతం వినేవారికి తెలిసిన జో జావినుల్ 2007లో, అమెరికన్ గాయకుడు జిమ్మీ బఫెట్ 2023లో ఈ రోగంతోనే పోయారు.

మన ఒంటి నలుపు మనకు గొడుగు. అందువల్ల మన దేశంలో ఇది చాలా అరుదు. మన చర్మపు కేన్సర్ల కథలు వేరు. పంచె బిగించి కట్టే నడుము దగ్గర ఏళ్ళ తరబడి రాపిడికి పుట్టే కేన్సరును బొంబాయిలో ఖనోల్కర్ 1940లలో వర్ణించాడు. కాశ్మీరులో కాంగ్డీ కుంపటిని పొట్టకు ఆనించుకొనేవారికి వచ్చేది ఇంకొకటి. అవి నిదానంగా, ఏళ్ళు తీసుకొని పెరుగుతాయి. మెర్కెల్‌కు అంత ఓపిక లేదు, వారాలలో రెట్టింపవుతుంది. అరుదు కావడం వల్ల వైద్యుడికి అనుమానం రాదు, నొప్పి లేకపోవడం వల్ల రోగికి తొందర ఉండదు. కనుక ఒక్క మాట గుర్తుంచుకొంటే చాలు. పెద్దవయసువారికి ఎండ తగిలే చోట, నొప్పి లేకుండా, వారం వారం పెరిగే గడ్డ లేస్తే, దాన్ని ఎవరు కోసినా సరే, కోసిన ముక్క పరీక్షకు పోవాలి. పోకపోతే ఎందుకు పోలేదని అడగాలి.

అంకెలు కూడా దాచకుండా చెబుతాను. పుట్టినచోటనే ఉండగా బయటపడినవారిలో ఐదేళ్ళ తరువాత బ్రతికి ఉన్నవారు నూటికి 51 మంది, లింఫు గ్రంథులకు పాకినవారిలో 35 మంది, దూరపు అవయవాలకు పోయినవారిలో 14 మంది అని అమెరికాలో వేలమంది రోగుల వివరాలు కూర్చి తేల్చారు. ఈ లెక్క రోగంతో పోయినవారినీ, వార్ధక్యంతో పోయినవారినీ విడదీయదు. రోగుల సగటు వయసే డెబ్బై దాటి ఉంటుంది గదా.

మా పెద్దనాయన విషయంలో శస్త్రవైద్యుడు రెండోసారి కోయడానికి వెనుకాడాడు. చెంపలో ముఖాన్ని కదిలించే నరం ఉన్నది, గుండె అంతంత మాత్రం. కిరణచికిత్స పెట్టండి, 25 మార్లు, వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. పెద్దనాయన కొడుకులు ముగ్గురు, అల్లుడు, నేను. పెద్దనాయనను వసారాలో పడుకోబెట్టి తలుపు మూసి మాట్లాడుకున్నాము. రోగం పేరు ఆయనకు చెప్పరాదన్నది మొదటి తీర్మానం. మా పెద్దన్న "ఎనబై రెండో ఏడు నడస్తా ఉండాది. ఇంగ ఆ కరెంటు పెట్టి హింస పెట్టేదెందుకు? ఉన్నన్నాళ్ళు నెమ్మదిగా ఉండనీ" అన్నాడు. ఇంట్లో నలుగురు పుస్తకాలు చదివినవాడుగా పేరున్న నన్ను అడిగితే నేనూ తలూపాను. అది కరుణ అనుకున్నాను. ఆ తలూపుడులో ఎంత పాలు కరుణ, ఎంత పాలు అయిదు వారాల పాటు ఎవరు తీసుకుపోతారన్న దిగులు అన్నది నేను తూచి చూసుకోలేదు.

ఇక్కడ మేము చేసిన పొరపాటు ఒకటి కాదు. అన్నిటికన్నా పెద్దది, చికిత్స వద్దంటే బాధ కూడా తప్పుతుందని లెక్క వేసుకోవడం. చెంప మీది మెర్కెల్ గడ్డను వదిలేస్తే అది ఊరుకొని ఉండదు. పగులుతుంది, రసి కారుతుంది, నెత్తురు కారుతుంది, వాసన వస్తుంది. దవడ కదలక ముద్ద మింగలేని రోజు రావచ్చు. ముసలాయనకు తప్పిద్దామనుకున్న హింస కన్నా ఇది పెద్ద హింస. "నెమ్మదిగా ఉండనీ" అన్నప్పుడు ఈ చిత్రం మా ఎవరి కళ్ళ ముందూ లేదు. కరెంటు చిత్రం మాత్రం ఉన్నది.

రెండో పొరపాటు, కేన్సరు చికిత్సలన్నిటినీ ఒకే గాట కట్టడం. వాంతులు, జుట్టు రాలడం, మనిషి కుంగిపోవడం ఇవన్నీ మందు ఎక్కించే చికిత్సలో చూసిన జ్ఞాపకాలు. కిరణచికిత్స ప్రభావం కిరణం పడిన చోటికే దాదాపు పరిమితం. చెంప మీద వేస్తే చెంప ఎర్రబడుతుంది, పొర ఊడుతుంది, ఆ పక్క నోరు ఎండుతుంది, అలసట ఉంటుంది. ముగిసిన కొన్ని వారాలకు చర్మం కుదుటపడుతుంది. మత్తు అక్కర లేదు, కోత లేదు, రాత్రి ఆసుపత్రిలో పడుకోనక్కర లేదు. గుండె బలహీనమైన వృద్ధుడికి ఉన్న దారుల్లో తేలికైనది ఇదే కావచ్చు. పైగా మెర్కెల్ కిరణానికి తొందరగా లొంగే జాతి. ఆస్ట్రేలియాలో శస్త్రచికిత్స లేకుండా కిరణాలు మాత్రమే పెట్టిన 43 మంది రోగుల వివరాలు 2010లో ప్రచురించారు. వారి వయసుల మధ్యస్థం 79. కిరణం పడిన చోట రోగం తిరిగి రాకుండా ఉన్నది నూటికి 75 వంతున. అయినా ఐదేళ్ళు బ్రతికినవారు 37 శాతమే. రోగం తిరిగి వచ్చినవారిలో అధికులకు అది కిరణం పడని చోట వచ్చింది. కనుక ఇది ప్రాణానికి హామీ ఇచ్చే చికిత్స అని నేననను. ముఖం మీది పుండును తప్పించడంలో మాత్రం దీని బలం గట్టిది.

వయసు అన్న అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదని వృద్ధుల కేన్సరు వైద్యంలో పనిచేసేవారు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. వారు అడిగే ప్రశ్నలు వేరు. ఇటీవల బరువు తగ్గినాడా, అన్నం తింటున్నాడా, కుర్చీలోంచి లేచి నాలుగడుగులు నడవగలడా, జ్ఞాపకం ఎట్లా ఉన్నది, రోజుకు ఎన్ని మాత్రలు మింగుతున్నాడు. మా పెద్దనాయన ఆ సంక్రాంతికి కూడా పొద్దున అయిదింటికి లేచి రెండు మగ్గాల దారాలు సరిచూసేవాడు. 81 అన్న అంకె మాకు కనబడింది, మగ్గం పక్కన నిలబడిన మనిషి కనబడలేదు. అదే మంచం పట్టి, మనుషులను గుర్తుపట్టని స్థితిలో ఉండి ఉంటే 25 రోజులు తిప్పడం క్రూరత్వమని నేను ఇప్పటికీ అంటాను. అటువంటివారికి కూడా ఒకే ఒక్క మారు 8 గ్రేల మోతాదు పెట్టి గడ్డను అణచే పద్ధతి ఉన్నది. గ్రే అంటే కిరణాన్ని కొలిచే ప్రమాణం. ఈ సంగతి మేము అడగలేదు, మాకు ఎవరూ చెప్పలేదు.

ఈ మీమాంసలో అయిదు వారాలు గడిచిపోయాయి. మార్చి మధ్యలో గడ్డ చిన్న జామకాయంత అయింది. దవడ కింద మెడలో ఇంకొకటి చేతికి తగిలింది. ఒకనాడు మాపటివేళ పెద్దనాయన నన్ను పిలిచి కూర్చోమన్నాడు. "ఏం నాయనా, గడ్డ నా మొగాన ఉండాది. మీరంతా తలుపేసుకొని మాట్లాడుకుంటిరి. నన్నొక మాట అడగకూడదా?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. పేరుతో సహా అంతా చెప్పాను. విన్నాడు. చనిపోతానా అని అడగలేదు. "కరెంటు పెడితే ఇది అణుగుతాదా?" అన్నాడు. అణగవచ్చునన్నాను. "అయితే పోదాం పద. చిల్లు పడిన మొగంతో పోవాలంటే నాకిష్టం లేదు" అన్నాడు. మూడు నిమిషాలు పట్టిన ఈ సంభాషణను మేము ఆరు వారాలు వాయిదా వేశాము.

ఈసారి వైద్యుడిని రోజులు తగ్గించడానికి వీలున్నదా అని అడిగాము. రోజు మోతాదు కాస్త పెంచి 20 మార్లకు కుదించారు. ఎముక విరిగితే పక్కనున్న పుత్తూరు కట్టుకు రాష్ట్రాలు దాటి జనం వస్తారు. ఆ కట్టు మీద మాకున్న నమ్మకంలో పదో వంతు కూడా ఈ యంత్రం మీద మాకు లేదు గనుక, అక్కడ ఏం జరుగుతుందో చూసినంత వరకు రాస్తాను. మొదటి రోజు కిరణం లేదు. గట్టి ప్లాస్టిక్ జాలీని వేడినీళ్ళలో మెత్తబరచి ముఖం మీద పరిస్తే అది ముఖం ఆకారంలో బిగుసుకుంటుంది. రోజూ అదే ముసుగు వేసి బల్లకు బిగిస్తారు, మనిషి కదలకుండా. శక్తి ఎక్కువైన కిరణాల స్వభావమేమిటంటే పైచర్మాన్ని కొంత వదిలేసి లోపల ఎక్కువగా పనిచేస్తాయి. చర్మపు కేన్సరుకు అది పనికిరాదు. కాబట్టి చెంప మీద జిగురుముద్ద వంటి పలక ఒకటి పరుస్తారు. కిరణం ఆ పలకనే చర్మమనుకొని, అసలు చర్మం దగ్గరికి వచ్చేసరికి పూర్తి బలం పుంజుకుంటుంది. బల్ల మీద సర్దడానికి పది నిమిషాలు, కిరణానికి రెండు నిమిషాలు. మొదటి రోజు బయటికి వచ్చి "ఇంతేనా? దీనికా మీరు నన్ను దాచిపెట్టింది?" అన్నాడు.

అసలు కష్టం గది బయట ఉన్నది. నగరి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి బస్సులో రానూ పోనూ నాలుగు గంటలు. ఏప్రిల్ ఎండ. 20 రోజులకు 80 గంటల బస్సు, 40 నిమిషాల కిరణం. వారం తిరిగేసరికి ఆయనను కుంగదీసింది బస్సే. తిరుపతిలో గది చూద్దామంటే కొండకు వచ్చే యాత్రికుల రద్దీలో అద్దెలు మండిపోతున్నాయి. ఎట్లాగో ఒక తెలిసినవారి మేడ మీద చోటు దొరికింది. చిన్నన్న మగ్గాలు ఆపి తోడున్నాడు. చికిత్స ఖర్చును కార్డు భరించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతున్నా, పేదవాడి కిరణచికిత్సకు అదే దిక్కు. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన వారందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. ఇవన్నీ మంచివే. తోడుండే కొడుకు కోల్పోయే నెల కూలిని మాత్రం ఏ కార్డూ తెచ్చి ఇవ్వదు. పల్లెల్లో ముసలివారి చికిత్సను ఆపేది చాలా ఇళ్ళలో ఈ నెల కూలే. "ఈ వయసులో ఎందుకు" అన్న మాట దానికి కప్పిన దుప్పటి. ఆ కొడుకులను నేను తప్పు పట్టను. యంత్రానికి కోట్లు పెట్టేవారు దాని పక్కనే వంద మంచాల వసతిగృహం కట్టకపోవడాన్ని తప్పు పడతాను.

యంత్రాలు దగ్గరికి వచ్చాయి గదా అనవచ్చు. వచ్చాయి, నిజమే. ఒకప్పుడు మాకు మద్రాసే దిక్కు. తన చెల్లెలిని కేన్సరుకు పోగొట్టుకొన్న ముత్తులక్ష్మీరెడ్డి 1954లో అడయారులో కేన్సరు ఆసుపత్రిని మొదలుపెట్టింది; దేశంలో తొలి కోబాల్టు కిరణయంత్రాలలో ఒకటి 1957లో అక్కడికే వచ్చింది. మా పక్క చాలామంది వేలూరికీ పోయేవారు, ఇప్పటికీ పోతారు. 1993లో తిరుపతిలో దేవస్థానం వారి స్విమ్స్ వచ్చింది. 2018లో దేవస్థానం, టాటా ట్రస్టులు కలిసి శంకుస్థాపన చేసిన కేన్సరు ఆసుపత్రి 2022 మేలో తలుపులు తెరిచింది. మద్రాసు నుంచి తిరుపతికి దారి తగ్గిందే గాని, ముసలికాళ్ళకు తిరుపతి కూడా రోజూ పోయి వచ్చేటంత దగ్గర కాదు.

మే మొదటి వారంలో చికిత్స ముగిసింది. చెంప నల్లబడి, పొర ఊడి, రెండు వారాలు మంట మంట అన్నాడు. జూన్ చివరికి చెంప మీద గానీ మెడలో గానీ చేతికి ఏమీ తగల్లేదు. ఆ ఏడు వినాయక చవితికి మళ్ళీ మగ్గం దగ్గర కూర్చున్నాడు. మరుసటి ఏడు మార్చిలో కాలేయంలో కనబడింది. ఇటువంటి రోగానికి అవెలుమాబ్ అనే మందును అమెరికాలో 2017లో ఆమోదించారు. కొందరిలో బాగా పనిచేస్తుంది, ధర లక్షలలో. ఈసారి తలుపు తీసి పెట్టి ఆయన ఎదుటనే మాట్లాడుకున్నాము. "అది వద్దు" అన్నది ఆయనే. 2024 జూన్‌లో పోయాడు. చెంప చివరిదాకా శుభ్రంగా ఉన్నది.

కరెంటు మొదలుపెట్టింది మొదలు పద్నాలుగు నెలలు. మా పెద్దన్న ఇప్పటికీ "చివరికి ఏమైంది? పోనే పోయినాడు గదా" అంటాడు. చిన్నన్న ఊరుకోడు. ఆ పద్నాలుగు నెలల్లో మనుమరాలి పెండ్లి చూసినాడంటాడు, పెండ్లి పటంలో నాయన మొగం చూడు అంటాడు. నాకు మాత్రం ఇద్దరూ లెక్కలోకి తీసుకోని ఆ మొదటి ఆరు వారాలు గుర్తుకు వస్తాయి. అప్పటికి మెడలో గడ్డ లేదు.